రిచీ స్ట్రీట్‌లో డిస్క్‌లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నారా? ముందు ఇది చదవండి

పాత సినిమా డీవీడీలు, పెళ్ళి వీడియో డిస్క్‌లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని ప్రయాణాల్లో చూసుకుందామని చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌కు వెళ్ళే మన తెలుగువాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. షాపులో మొదటి సినిమా ఆడించి చూపించగానే డబ్బు కట్టేయకండి. ఇంటి డిస్క్‌లనైతే ఎట్టి పరిస్థితుల్లోనూ అక్కడ వదిలి రాకండి. మా విషయంలో డబ్బు తిరిగి వచ్చింది. డిస్క్ మాత్రం పోయింది, దానికి ఎవరూ ఏమీ చేయలేకపోయారు.

మా అమ్మానాన్నలు గంగా కావేరి ఎక్స్‌ప్రెస్‌లో కాశీకి బయల్దేరారు. ఒకటిన్నర రోజు ప్రయాణం. బల్లార్ష అడవుల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఫోన్లో సినిమాలు చూడటం కుదరదు. మోజర్ బేర్ అనే డిస్క్‌ల కంపెనీవాళ్ళు 28 రూపాయలకు వీసీడీ, 34 రూపాయలకు డీవీడీ అమ్మిన రోజుల్లో నాన్నగారు కొన్న పౌరాణికాలు బీరువా నిండా ఉన్నాయి. వాటితోపాటు చెల్లి పెళ్ళి డీవీడీ, తమ్ముడి ఒడుగు వీసీడీలు. అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి ట్యాబ్‌కు తగిలిస్తే దారంతా చూసుకుంటారని ఆశ.

షాపు అతను చక్కగా తెలుగే మాట్లాడాడు. "మనవాళ్ళే కదా సార్, 2 టీబీ డ్రైవ్ వేసి, మొత్తం ఎక్కించి, అంతా కలిపి 1,800కే ఇస్తాను. డిస్క్‌లు ఇచ్చి వెళ్ళండి, రెండు రోజుల్లో రెడీ" అన్నాడు. తీసుకునేటప్పుడు నా ఎదుటే కంప్యూటర్‌కు తగిలించి చూపించాడు. విండోస్‌లో సైజు 1.81 టీబీ అని వచ్చింది. నిజమైన 2 టీబీ డ్రైవ్‌కు విండోస్ చూపించే అంకె కూడా అదే. ఫోల్డర్‌లో సినిమాల పేర్లన్నీ వరుసగా ఉన్నాయి, ప్రతి ఫైల్ పక్కన సైజు కూడా ఉంది. మొదటి రెండు సినిమాలు నొక్కితే ఆడాయి.

రైల్లో వరంగల్ దాటాక నాన్నగారు ఫోన్ చేశారు. "పేరు కనిపిస్తోంది రా, నొక్కితే తెర నల్లగా అయిపోయి వెనక్కి వచ్చేస్తోంది. ట్యాబ్ పాడైందేమో" అన్నారు. పెద్దవాళ్ళు ముందుగా తమ చేతినే అనుమానిస్తారు. కాశీ చేరేదాకా ఆయన ఆ ట్యాబ్‌తోనే కుస్తీ పట్టారని తర్వాత అమ్మ చెప్పింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది అదే.

ఇలాంటి నకిలీ డ్రైవ్‌ల సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే చూసి కనిపెట్టడం అసాధ్యం. పెన్‌డ్రైవ్‌లో డేటా దాచే చిప్ ఒకటి, దాన్ని నడిపించే కంట్రోలర్ చిప్ ఒకటి ఉంటాయి. "నీలో చోటెంత?" అని కంప్యూటర్ అడిగితే జవాబు చెప్పేది కంట్రోలర్. దానిలోని ప్రోగ్రామ్ మార్చేసి, లోపల 32 జీబీయే ఉన్నా 2 టీబీ (అంటే దాదాపు 2,000 జీబీ) అని చెప్పిస్తారు. కంప్యూటర్ ఆ మాట నమ్మి రాస్తూ పోతుంది. 32 జీబీ నిండాక వచ్చే డేటా గాలికి పోతుంది, లేదా ముందు రాసినదాన్నే చెరిపేస్తుంది. కాపీ చేస్తున్నప్పుడు ఎర్రర్ ఒక్కటీ రాదు. పేర్లు, సైజులు ఉండే పట్టిక డ్రైవ్ మొదట్లోనే ఉంటుంది కాబట్టి అది భద్రంగా కనిపిస్తుంది. అందుకే ఫోల్డర్ చూసినా, మొదటి సినిమా ఆడించి చూసినా ఏమీ తేలదు. షాపులో చూపించేది ఆ మొదటి సినిమానే.

దీన్ని తేల్చడానికి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. విండోస్‌కు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌కూ మ్యాక్‌కూ ఎఫ్3. ఖాళీ డ్రైవ్‌ను ఇవి తమ సొంత ఫైళ్ళతో నింపి, మళ్ళీ చదివి, రాసింది రాసినట్టు ఉందో లేదో సరిచూస్తాయి. టైమ్ పడుతుంది. సెకనుకు 10 ఎంబీ వేగంతో రాసే 64 జీబీ డ్రైవ్ నింపడానికే దాదాపు రెండు గంటలు. 2 టీబీ అని అమ్మిన దాన్ని మొత్తం నింపక్కర్లేదు, హెచ్2టెస్ట్‌డబ్ల్యూలో మొదటి 64 జీబీ వరకే పరీక్షించమని అంకె ఇవ్వొచ్చు. నకిలీలు చాలావరకు ఆ లోపే బయటపడతాయి. మా డ్రైవ్‌లో ఆడుతున్న ఫైళ్ళు వేరేచోట దాచి, దాన్ని ఖాళీ చేసి పరీక్ష పెట్టాను. 32 జీబీ కూడా పూర్తిగా లేదు.

ఆడిన సినిమాలైనా మా డిస్క్‌లవేనా అంటే అదీ కాదు. ఒక పౌరాణికంలో కుడివైపు మూలన టీవీ ఛానెల్ లోగో ఉంది. నాన్నగారి డీవీడీలో లోగో ఎక్కడినుంచి వస్తుంది? ఇంకో దాంట్లో యుద్ధం సీను మీదుగా బెట్టింగ్ యాప్ ప్రకటన పోతోంది. డిస్క్‌లు డీవీడీ డ్రైవ్‌లో పెట్టే శ్రమ కూడా లేకుండా నెట్‌లో దొరికిన పైరసీ కాపీలు దించి ఇచ్చాడన్నమాట.

నెట్‌లో దొరకనివి మా ఇంటి వీడియోలు. వాటిని మాత్రం డిస్క్ నుంచి తీయక తప్పలేదు, అక్కడే అసలు దారుణం జరిగింది. డీవీడీలో వీడియో ఒకే ఫైల్‌గా ఉండదు. వీడియో_టీఎస్ అనే ఫోల్డర్‌లో వీఓబీ ఫైళ్ళుగా, ఒక్కొక్కటి ఒక జీబీకి మించకుండా ముక్కలై ఉంటుంది. రెండు గంటల పెళ్ళి వీడియోలో ఒక ముక్క అంటే సుమారు అరగంట. షాపులో మొదటి ముక్క ఒక్కటే కాపీ చేసి దానికి "మ్యారేజ్" అని పేరు పెట్టారు. గౌరీపూజ ఉంది, బుట్టలో చెల్లిని తీసుకురావడం ఉంది, తెరసెల్లా అడ్డం పట్టుకోవడం ఉంది. జీలకర్ర బెల్లం పెట్టబోతుండగా బొమ్మ ఆగిపోతుంది. మాంగల్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు ఏవీ లేవు. అప్పుడు అక్షింతలు వేసిన మా నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆవిడ కనిపించేది ఆ రెండో ముక్కలోనే.

అదృష్టంకొద్దీ పెళ్ళి డిస్క్ క్షేమంగా తిరిగొచ్చింది. ఒడుగు వీసీడీల్లో ఒకటి అలా రాలేదు. కవర్లలోంచి తీసిన డిస్క్‌లన్నీ ఒకదానిమీద ఒకటి పేర్చి రబ్బరు బ్యాండ్ వేసి ఇచ్చారు. ఆ వీసీడీ పేరు రాసి ఉన్నవైపు గోరంత మేర వెండిపూత లేచిపోయింది, వెలుతురుకు పట్టుకుంటే అవతలివైపు కనిపిస్తోంది. చాలామంది మెరిసేవైపు గీతలు పడకుండా చూస్తారు. సీడీ, వీసీడీల్లో డేటా పొర ఉండేది పేరు రాసేవైపే, పల్చటి వార్నిష్ లాంటి పూత కింద. మెరిసేవైపు గీతను పాలిష్ చేయించి ఒక్కోసారి బాగు చేయొచ్చు. ఇటు పూత లేస్తే ఆ డేటా ఇక లేనట్టే. డీవీడీలో డేటా పొర రెండు ప్లాస్టిక్ పలకల మధ్యన ఉంటుంది కాబట్టి ఈ విషయంలో కాస్త నయం.

కాబట్టి ఇంటి వీడియోలు ఇంట్లోనే చేసుకోండి. యూఎస్‌బీ డీవీడీ డ్రైవ్ రెండు మూడు వేల లోపు దొరుకుతుంది, బంధువుల్లో ఒకరి దగ్గర ఉంటే అందరికీ సరిపోతుంది. స్టూడియోవాళ్ళు ఇచ్చే పెళ్ళి డిస్క్‌లకు సాధారణంగా కాపీ కాకుండా అడ్డుకునే లాక్ ఉండదు. వీడియో_టీఎస్ ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేస్తే చాలు, వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్‌లో ఆడుతుంది. వీసీడీ అయితే ఎంపెగ్‌ఏవీ ఫోల్డర్‌లో ఉండే డ్యాట్ ఫైల్ తీసుకోండి. ట్యాబ్‌లో ఒకే ఫైల్‌గా కావాలంటే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో ఎంపీ4గా మార్చుకోవచ్చు. మనుషులు కదిలినప్పుడు దువ్వెన పళ్ళలా గీతలు కనిపిస్తే అందులో డీఇంటర్లేస్ ఆన్ చేయండి. హోటల్ టీవీలో పెట్టేటట్టయితే డ్రైవ్ ఫ్యాట్32 అనే ఫార్మాట్‌లో ఉండటం మేలు, కానీ అందులో 4 జీబీ దాటిన ఫైల్ పట్టదు.

కంపెనీ సినిమా డీవీడీల సంగతి వేరు. చాలావాటికి సీఎస్ఎస్ లాక్ ఉంటుంది, హ్యాండ్‌బ్రేక్ దాన్ని తనంతట తాను తీయదు. కాపీరైట్ చట్టం 1957లో సొంత వాడకానికి సెక్షన్ 52 కొంత వెసులుబాటు ఇస్తుంది. అయితే 2012లో చేర్చిన సెక్షన్ 65ఏ ప్రకారం, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇలాంటి లాక్ తీస్తే రెండేళ్ళ దాకా జైలు, జరిమానా. షాపువాళ్ళు డబ్బు తీసుకుని చేసే కాపీ సొంత వాడకం అవుతుందని నేననుకోను. కాశీ ప్రయాణానికి సినిమాలే కావాలంటే బ్యాటరీతో నడిచే పోర్టబుల్ డీవీడీ ప్లేయర్‌లో ఒరిజినల్ డిస్క్‌లే పెట్టుకోవడం, లేదా ఓటీటీ యాప్‌లో ముందురోజే డౌన్‌లోడ్ చేసుకోవడం మంచిది. పెద్దవాళ్ళకు ప్లేయరే సులువు, మూత తీసి డిస్క్ పెడితే చాలు.

ఇక షాపుతో గొడవ. పరీక్ష ఫలితం లాప్‌టాప్‌లో చూపిస్తే ముందు "మీ ట్యాబ్ ప్రాబ్లం సార్" అన్నాడు. తర్వాత "కంపెనీ మాల్ అట్లనే వస్తుంది" అన్నాడు. బిల్లు ఇవ్వలేదు, విజిటింగ్ కార్డు వెనక పెన్సిల్‌తో 1,800 అని రాసి ఇచ్చాడు, అంతే. నేను డబ్బు యూపీఐలో కట్టాను కాబట్టి తేదీ, మొత్తం ఫోన్లో ఉన్నాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు అక్కడే నిలబడి ఫోన్ చేస్తానంటే 1,800 వెనక్కి పంపించాడు. ఒడుగు డిస్క్ గురించి అడిగితే "అది ముందే అట్ల ఉండె" అన్నాడు. ఇచ్చేముందు డిస్క్‌ల రెండువైపులా ఫొటో తీసి పెట్టుకుంటే ఆ మాట అనే వీలుండదు.

రిచీ స్ట్రీట్‌లోగానీ, దాన్ని ఆనుకున్న నరసింగపురం వీధిలోగానీ అందరూ ఇలాగే ఉంటారని నేననడం లేదు. జీఎస్టీ బిల్లు మీద మోడల్, కెపాసిటీ రాసి ఇచ్చే షాపులు అక్కడే ఉన్నాయి. పరీక్ష చేసుకుంటానంటే "చేసుకోండి సార్, తేడా వస్తే మార్చి ఇస్తాం" అనేవాళ్ళ దగ్గర కొనండి. 2 టీబీ పెన్‌డ్రైవ్ నిజమైనదైతే ధర వేలల్లో ఉంటుంది. కొన్ని వందలకో, మాకిచ్చినట్టు 1,800కో ఇస్తున్నారంటే ఇంకేమీ అడగక్కర్లేదు, బయటికి వచ్చేయండి.

ఇప్పటికే ఇలాంటి డ్రైవ్ మీ ఇంట్లో ఉంటే కొత్తగా ఏదీ అందులో రాయకండి, ఉన్నది కూడా చెరిగిపోవచ్చు. ఆడే ఫైళ్ళు ముందు కంప్యూటర్‌లోకి తీసుకుని, ప్రతి ఫైల్‌నూ చివరిదాకా జరిపి చూసి, ఆ తర్వాతే పరీక్ష పెట్టండి. ఒరిజినల్ డిస్క్ పోయి ఉంటే, ఆ రోజుల్లో స్టూడియోవాళ్ళు రెండు మూడు కాపీలు ఇచ్చేవారు కాబట్టి వియ్యాలవారినో మేనమామనో ఒకసారి అడగండి. దొరికితే మాత్రం కొరియర్‌లో తెప్పించకండి, ఎవరైనా వస్తుంటే చేతికిచ్చి పంపమనండి.