ఒక డిఫెండర్ పుట్టిన ఊళ్లో నాలుగు రోజులు: టాలిన్, నార్వా

హెల్సింకీ నుంచి ఎస్టోనియా రాజధాని టాలిన్‌కు ఓడలో రెండు గంటలు. 80 కిలోమీటర్ల సముద్రం. హెల్సింకీలో ఉద్యోగం చేసే మన వాళ్లు చాలామంది పొద్దున వెళ్లి పాత ఊళ్లో ఫొటోలు దిగి సాయంత్రానికి తిరిగొస్తారు. 2023 ఏప్రిల్ ఆఖర్లో నేను, మా బావమరిది మాత్రం నాలుగు రోజులుండేలా వెళ్లాం. ఐస్ హాకీ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీల్లో మూడో అంచె, అంటే డివిజన్ 1బి, ఆ వారం టాలిన్‌లో. ఎస్టోనియా, జపాన్, ఉక్రెయిన్, నెదర్లాండ్స్, సెర్బియా, చైనా ఆడుతున్నాయి.

నాకు ఈ పిచ్చి పట్టించింది లౌరి లాహెసాలు అనే డిఫెన్స్‌మన్, అంటే గోల్‌కీపర్ ముందు ఎదుటివాళ్లను అడ్డుకునే డిఫెండర్. టాలిన్‌లో పుట్టి, ఫ్రాన్స్ లీగ్‌లో ఏళ్ల తరబడి ఆడి, ఎస్టోనియా జెర్సీ మాత్రం వదలకుండా వేసుకుంటూ వచ్చినవాడు. ఎస్టోనియాలో హాకీ అంటే అందరూ లియో కోమరోవ్ పేరే చెబుతారు. ఆయన నార్వాలో పుట్టాడు గానీ ఆడింది ఫిన్లాండ్‌కు. 2022 ఒలింపిక్ బంగారు పతకం కూడా ఆ జట్టుతోనే. సొంత దేశం మూడో అంచెలో ఉన్నా ఏటా వచ్చి గోల్ ముందు కాపలా కాసేవాళ్ల మీదే నాకు ఆసక్తి. వాళ్ల ఆట ఎక్కడ తయారవుతుందో చూడాలనిపించింది.

ఓడ సంగతి రెండు ముక్కల్లో. శుభ్రంగా ఉంటుంది, టైముకి కదులుతుంది. శుక్రవారం సాయంత్రం మాత్రం ఎక్కకండి, తిరునాళ్లే. లోపల బఫేకి పెట్టే డబ్బుతో ఊళ్లో రెండు పూటలు తినొచ్చు. మేం పులిహోర కట్టుకెళ్లాం.

దిగగానే మొదట చూసింది లిన్నాహాల్. రేవు పక్కనే, సముద్రం ఒడ్డున పరుచుకున్న పెద్ద కాంక్రీటు దిబ్బ. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో పడవ పందేలు టాలిన్‌లో జరిగాయి. ఆ సందర్భంలో కట్టారు. కచేరీ హాలుతో పాటు లోపల ఐస్ రింక్, అంటే స్కేటింగ్‌కి మంచు పరిచిన మైదానం కూడా ఉండేది. సోవియట్ కాలం చివర్లో పుట్టిన టాలిన్ కుర్రాళ్లకు మంచు అంటే ఇలాంటి హాళ్లే. ఇప్పుడు అంతా మూతపడింది. గోడల నిండా రంగుల రాతలు, మెట్ల సందుల్లో గడ్డి. టికెట్ లేదు, గైడ్ లేడు, కొన్ని వైపులు మూసేశారు కూడా. అయినా ఆ మెట్ల మీద అరగంట కూర్చుంటే పాత ఊరిలో మూడు గంటలు తిరిగినదానికన్నా నాకు ఎక్కువ దక్కింది. బావమరిది ఒప్పుకోలేదు. "బావా, దీనికోసం పాస్‌పోర్టు తెచ్చుకోవాలా" అన్నాడు.

పాత ఊరిని తక్కువ చేయడం లేదు. 1422 నాటికే నడుస్తున్న మందుల దుకాణం టౌన్‌హాల్ చౌకులో ఇప్పటికీ మందులమ్ముతోంది. కానీ బస మాత్రం అక్కడ వద్దు. మొదటి రాత్రి అక్కడే ఒక చిన్న హోటల్లో దిగి పొరపాటు చేశాం. రాళ్లు పరిచిన దారిలో సూట్‌కేసు చక్రం ఒకటి ఊడింది, లిఫ్టు లేదు, కిటికీ కింద తాగినవాళ్ల పాటలు తెల్లవారుజాము దాకా. రెండో రోజు లాస్నమాయెకి మారాం. సోవియట్ కాలపు అపార్ట్‌మెంట్ల పేట అది, చూడ్డానికి పెద్ద అందం లేదు. కానీ మేం తీసుకున్న ఫ్లాట్‌లో స్టవ్, వాషింగ్ మెషీన్ ఉన్నాయి, అద్దె దాదాపు సగం. అన్నం వండుకుని, అక్కడి నల్ల రై రొట్టెకు గోంగూర పచ్చడి రాసుకుని తిన్నాం. ఆ పులుపుకి ఈ పులుపు భలే కుదిరింది.

మ్యాచ్‌లు జరిగే తొండిరాబా ఐస్ హాల్ కూడా ఆ పేటలోనే. 2014లో తెరిచారు, ఐదు వేల మంది పైనే పడతారు. సర్వీసుకు నా మార్కులు బాగానే పడతాయి. లోపలికి వెళ్లడానికి ఐదు నిమిషాలు పట్టలేదు, టాయిలెట్లు శుభ్రం, టీ వేడిగా ఉంది. తిండే, శాకాహారికి వేయించిన బంగాళాదుంప తప్ప దిక్కులేదు. బయట ఎండ చూసి పల్చటి జాకెట్‌తో వెళ్లకండి, రెండో పీరియడ్‌కల్లా (మ్యాచ్‌లో మూడు భాగాలుంటాయి, వాటిలో ఒక్కోటి ఒక పీరియడ్) మోకాళ్లు బిగుసుకుపోతాయి.

సీటు గురించి కాస్త చెప్పాలి. మొదటిసారి మధ్యగీత దగ్గర ఖరీదైనవి కొన్నాం. "బావా, పక్ కనబడి చావట్లేదు" అని మావాడి గోల. పక్ అంటే ఈ ఆటలో బంతి బదులు వాడే చిన్న రబ్బరు బిళ్ల. రెండో మ్యాచ్‌కి గోల్ వెనక మూలన చవక సీట్లలో కూర్చున్నాం. పక్ వెంట కళ్లు పరిగెత్తించడం మానేసి ఒక్క డిఫెండర్నే చూడమన్నాను. అప్పుడు ఆట తెరుచుకుంది. ఎదుటివాడు దూసుకొస్తుంటే వీడు వాడి మీదికి ఉరకడు. వాడివైపే ముఖం పెట్టి, వెనక్కి స్కేటింగ్ చేస్తూ, మధ్యదారి మూసేసి గోడవైపు నెడుతూ పోతాడు. కబడ్డీలో కవర్ ఆడేవాడు రైడర్ని మూలకు తోలినట్టే. షాట్ వస్తే కాలు అడ్డం పెడతాడు. ముప్పావు నిమిషం అటూ ఇటూగా ఆడి బెంచీ మీదికి వెళ్లిపోతాడు, మళ్లీ వస్తాడు. బోర్డు మీద పేరు పడే పని ఒక్కటీ చేయడు. మావాడు కూడా మూడో పీరియడ్‌కి "పద్నాలుగో నంబరోడు ఎక్కడ" అని వెతకడం మొదలెట్టాడు. వారం చివరికి జపాన్ మొదటి స్థానంలో నిలిచి పై అంచెకు వెళ్లింది.

ఆ హాల్లోనే పక్కన ప్రాక్టీస్ రింక్ ఉంది. విరామంలో తొంగిచూస్తే ఏడెనిమిదేళ్ల పిల్లలు వెనక్కి స్కేటింగ్ నేర్చుకుంటూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. అద్దం వెనక తల్లిదండ్రులు ఫోన్లలో ఉన్నారు. మన ఊళ్ల క్రికెట్ కోచింగ్ దగ్గర కనబడే దృశ్యమే.

నార్వాకి టాలిన్ నుంచి రైల్లో రెండున్నర గంటలు. నారింజ రంగు రైళ్లు, స్థానికులు ముద్దుగా క్యారెట్ అంటారు. సీట్లు, వైఫై బాగున్నాయి. దారిలో కోహ్ట్లా-యార్వె వైపు ఆయిల్ షేల్ (నూనె తీసే, మండించే ఒక రకం రాయి) బూడిద గుట్టలు, మన సింగరేణి ఓవర్‌బర్డెన్ దిబ్బల్లా. ఈ ఈశాన్య మూలలో రష్యన్ మాట్లాడేవాళ్లే ఎక్కువ, హాకీ కూడా ఇక్కడ బాగానే ఆడతారు. నార్వాలో రింక్ చూడాలని వెళ్తే సీజన్ అయిపోయి తలుపు వేసి ఉంది. ముందుగా కనుక్కోకపోవడం నా తప్పే. ఆ రోజంతా కోట దగ్గరే గడిపాం. సరిహద్దు నదికి ఇవతల హెర్మన్ కోట, అవతల రష్యా వాళ్ల ఇవాన్‌గొరొద్ కోట, మధ్యలో ఒక వంతెన, దాని మీద సంచులతో నడిచెళ్తున్న ముసలమ్మలు. అంత దగ్గరగా రెండు కోటలు ఒకదాన్నొకటి చూసుకుంటూ నిలబడటం నేనెక్కడా చూడలేదు. హోటల్ చవక, రిసెప్షన్‌లో ఆవిడకి ఇంగ్లీషు రాదు, అయినా పొద్దున రైలు త్వరగా ఉందని సైగలతో చెబితే టిఫిన్ కట్టి ఇచ్చింది.

నది ఒడ్డున ఫోన్ రోమింగ్ ఆపేయండి. మాకు తెలియక రష్యన్ టవర్ పట్టుకుంది, బిల్లు నార్వా హోటల్ గదికన్నా ఎక్కువైంది.

ఎస్టోనియా జట్టు మొదటి మ్యాచ్ 1937లో హెల్సింకీలోనే ఆడి, ఫిన్లాండ్ చేతిలో 1–2తో ఓడిందట. తిరుగు ఓడలో ఆ సంగతి చెబితే మావాడు "అంటే ఒక్క గోలే తేడా, డిఫెన్స్ బాగానే ఆడారు" అన్నాడు. వచ్చే ఫిబ్రవరికి, లీగ్ నడుస్తుండగా, నార్వాలో రెండు రాత్రులు అనుకుంటున్నాం. ఈసారి టికెట్లు వాడే చూస్తానన్నాడు, గోల్ వెనక మూలవి.