జాగ్రత్త: ‘జేబులో పట్టే ఎమర్జెన్సీ కిట్’ కొన్నవాళ్ళు ఈ రోజే సీలు తీసి చూడండి

ఫోన్‌లో రీల్స్ చూస్తుంటే మధ్యలో వచ్చే ఆ యాడ్ మీకూ కనబడే ఉంటుంది. అరచేతిలో పట్టే నారింజ రంగు పౌచ్. జిప్ లాగగానే టార్చి, విజిలు, పవర్ బ్యాంకు, మందులు, చిన్న కత్తి, దుప్పటి ఒక్కొక్కటే బయటికొస్తాయి. ‘31 వస్తువులు, 1,299 రూపాయలే. రెండు కొంటే 2,199’. నేను రెండు కొన్నాను. ఒకటి నాకు, ఇంకోటి గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బామ్మర్దికి. నాలుగు నెలలు దాన్ని బండి డిక్కీలో పెట్టుకుని తిరిగాను. తీరా అవసరం పడ్డ రోజున అందులో పనికొచ్చింది ఒక్క సేఫ్టీ పిన్ను.

ఎందుకు కొన్నావయ్యా అంటే, మాది బెజవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు మా వీధిలోకి వచ్చినప్పుడు మూడు రోజులు మేడ మీదే ఉన్నాం. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, మొదటి రోజు సాయంత్రానికే ఫోన్లన్నీ చచ్చిపోయాయి. అన్నం పొట్లాల కోసం డ్రోన్ల వైపు చూస్తూ కూర్చున్నాం. బ్యాంకులో డబ్బులున్నాయి, చేతిలో నోటు లేదు. పడవ మీద ఎవరో పాల ప్యాకెట్లు తెస్తే పక్కింటి పిన్నిగారి దగ్గర రెండొందలు అప్పు తీసుకున్నాను. అప్పటి నుంచి రాత్రి పూట గట్టిగా వాన పడితే లేచి వీధిలోకి చూడటం అలవాటైపోయింది. అలాంటివాడికి ఈ యాడ్ చూపిస్తే కొనక ఏం చేస్తాడు?

పార్సిల్ ఫిబ్రవరిలో వచ్చింది. పౌచ్ చుట్టూ గట్టి ప్లాస్టిక్ సీలు. దాని మీద ‘అత్యవసరంలో మాత్రమే తెరవండి’ అని ఎర్ర స్టిక్కరు. నేనూ బుద్ధిమంతుడిలా తెరవలేదు. ఆ స్టిక్కరు ఎందుకు వేశారో నాకు జూన్‌లో అర్థమైంది. వాపసు ఇవ్వడానికి ఏడు రోజుల గడువు. టార్చి విడిగా కొంటే ఆ రోజే వెలిగించి చూస్తాం, పవర్ బ్యాంకు విడిగా కొంటే ఆ రాత్రే ఛార్జింగ్ పెడతాం. ‘ఎమర్జెన్సీ కిట్’ అనేసరికి మాత్రం దేవుడి గదిలో కొబ్బరికాయలాగా దాచిపెడతాం. అమ్మేవాడి వ్యాపారమంతా ఆ దాచుకునే అలవాటు మీదే నడుస్తోంది.

జూన్‌లో ఒక సాయంత్రం ఆటోనగర్ నుంచి ఇంటికి వస్తున్నాం, నేనూ మా ఆవిడా. రామవరప్పాడు రింగ్ దాటాక రోడ్డు పక్కన పోసిన ఇసుక మీద బండి జారింది. నాకేం కాలేదు. మా ఆవిడకి మోకాలు, మోచెయ్యి బాగా గీరుకుపోయాయి, రక్తం కారుతోంది. ‘కిట్ ఉందిగా’ అన్నాను, కొంచెం గర్వంగా కూడా. సీలు గోటితో రాలేదు, పంటితో కొరికి చింపాను. గాయం తుడిచే స్పిరిట్ వైప్ తీస్తే ఎండబెట్టిన అప్పడంలా పెళుసుగా ఉంది, తడి అన్నదే లేదు. ప్లాస్టర్ వేశాను, చెమట చర్మం మీద ఒక్క క్షణం నిలిచి జారిపోయింది. ఇంకోటి, మరోటి. నాలుగోది వేస్తుంటే మా ఆవిడే ‘ఇక ఆపండి’ అంది.

అప్పటికి నా ఫోన్‌లో 3 శాతం ఛార్జింగ్ ఉంది. పవర్ బ్యాంకుకి నాలుగు నీలం లైట్లు వెలిగాయి, ఫుల్ అన్నట్టు. వైరు పెట్టాను. 9 శాతానికి వచ్చేసరికి నాలుగు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. పక్కనే కొబ్బరి బోండాల బండి బాబాయ్ తన నీళ్ళ సీసాతో గాయాలు కడిగించి, ఎదురుగా ఉన్న మెడికల్ షాపుకి నడిపించాడు. షాపులో కుర్రాడు గాజుగుడ్డ, టేపు, అయోడిన్ ఆయింట్‌మెంట్‌తో కట్టు కట్టాడు. మొత్తం 85 రూపాయలు. సేఫ్టీ పిన్ను దేనికి పనికొచ్చిందంటే, చిరిగిన చున్నీకి.

డిక్కీలో బెజవాడ ఎండకి మాడిపోయి ఉంటాయిలే అని మీరు అనొచ్చు. నేనూ ముందు అదే అనుకున్నాను, తప్పు నాదేనేమో అని. వెంటనే బామ్మర్దికి ఫోన్ చేసి, బీరువాలో చల్లగా ఉన్న అతని కిట్ విప్పమన్నాను. వైప్‌లు అవే అప్పడాలు. టార్చి అసలు వెలగలేదు. పవర్ బ్యాంకు మాత్రం అతనిది 11 శాతం దాకా తెచ్చింది. నాకంటే అదృష్టవంతుడు.

పవర్ బ్యాంకు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసంలో పెద్ద ముక్క ఇదే. పైన 20,000 ఎంఏహెచ్ అని ఉంది, అంటే ఎంత ఛార్జింగ్ పడుతుందో చెప్పే లెక్క. ఏలూరు రోడ్డులో నాకు తెలిసిన మొబైల్ రిపేరు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాను. (మీరు ఇంట్లో స్క్రూడ్రైవరుతో పెట్టుకోకండి, లిథియం సెల్లుకి చిల్లు పడితే అంటుకుంటుంది.) అతను అంచులు వేడి చేసి మూత లేపాడు. లోపల అగ్గిపెట్టెలో సగం ఉండే పల్చటి సెల్లు ఒకటి. దాని పక్కన తెల్ల గమ్ముతో అతికించిన ఇనప పలక. ‘ఇదెందుకు తమ్ముడూ?’ అంటే, ‘బరువుకి అన్నా. చేతిలో పట్టుకుంటే నమ్మకం రావాలిగా’ అన్నాడు నవ్వుతూ.

ఇది కొనకముందే తెలుసుకోగలిగిన విషయం. సాధారణంగా పవర్ బ్యాంకుల్లో వాడే వేలెడంత గుండ్రటి సెల్లు, 18650 అంటారు, మంచిదైతే ఒక్కోటి 3,500 ఎంఏహెచ్ దాకా ఇస్తుంది. బరువు దాదాపు 45 గ్రాములు. 20,000 కావాలంటే అలాంటివి ఆరు కావాలి, సెల్లులే 270 గ్రాములు తూగాలి. నాది కిరాణా కొట్టు కాటా మీద పెడితే ఇనప పలకతో కలిపి 110 గ్రాములు. జేబులో పట్టేదానికి 20,000 అని ఎవడు చెప్పినా అక్కడే ఆగిపోండి. ఇంకోటి, పవర్ బ్యాంకు మీద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి, ‘ఆర్’ అక్షరంతో మొదలవుతుంది. ‘బీఐఎస్ కేర్’ అనే యాప్‌లో ఆ నంబరు కొడితే కంపెనీ పేరు, వస్తువు పేరు వస్తాయి. నాది కొడితే ఏదో ఎల్‌ఈడీ బల్బుల సంగతి వచ్చింది.

31 వస్తువుల లెక్క కూడా చూడండి. ప్లాస్టర్లు పది, అవి పది వస్తువులు. సేఫ్టీ పిన్నులు ఆరు, వైప్‌లు నాలుగు, రబ్బరు బ్యాండ్లు మూడు. ఇరవై మూడు అక్కడే అయిపోయాయి. ఒక్కో పిన్నూ ఒక వస్తువు లెక్క, పెళ్ళిలో విస్తరాకులు లెక్కపెట్టినట్టు. వెండి కాగితంలాంటి చలి దుప్పటి ఒకటి ఇచ్చారు. మే నెలలో బెంజి సర్కిల్లో నిలబడ్డవాడికి చలి దుప్పటి! మాత్రల స్ట్రిప్‌ని రెండు రెండు మాత్రల ముక్కలుగా కత్తిరించి పెట్టారు. బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండే అంచు ఎక్కడా లేదు, వెనక పేరు కూడా సగమే ఉంది. అవి ఏం మాత్రలో తెలియక చెత్తలో పారేశాను. నీళ్ళు శుద్ధి చేసే బిళ్ళలైతే ఒక లీటరుకా ఇరవై లీటర్లకా అన్నది కూడా రాయలేదు.

ఓఆర్‌ఎస్ అని ఇచ్చిన ప్యాకెట్టు అన్నిటికంటే చిరాకు తెప్పించింది. చూస్తే అది ఆరెంజ్ రుచి శరబత్తు పొడి. అసలైన ప్యాకెట్టు మీద ‘డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా’ అని, లీటరు నీళ్ళకి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు అని లెక్క ఉంటుంది. ఈ లెక్క కాని పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడొద్దని ఆహార భద్రతా సంస్థ 2025 అక్టోబరులో ఆదేశాలు కూడా ఇచ్చింది. వడదెబ్బ తగిలిన పెద్దవాళ్ళకి, విరేచనాలైన పిల్లలకి ఈ శరబత్తు తాగించి ‘ఓఆర్‌ఎస్ ఇచ్చాంలే’ అని కూర్చుంటే ఏమవుతుందో ఆలోచించండి.

డబ్బు వాపసు అడిగితే అమ్మినవాడు వాట్సాప్‌లో ‘అన్‌బాక్సింగ్ వీడియో ఉందా సార్’ అన్నాడు. లేదంటే ‘గడువు అయిపోయింది’ అన్నాడు. ఆ తర్వాత బ్లాక్ చేశాడు. ఇక్కడ నేను ఇంకో గోతిలో పడబోయాను. అమ్మినవాడి పేరుతో ‘కస్టమర్ కేర్’ అని ఇంటర్నెట్‌లో వెతికితే ఒక నంబరు దొరికింది. ఒకాయన చక్కని తెలుగులో, ‘అయ్యో, ఇప్పుడే రీఫండ్ వేస్తాను సార్, ఈ యాప్ వేసుకోండి, మీ స్క్రీన్ నాకు కనబడాలి’ అన్నాడు. తర్వాత ‘అయిదు రూపాయలు పంపి యూపీఐ పిన్ కొట్టండి, వెరిఫై అవుతుంది’ అన్నాడు. మా అమ్మాయి పక్కనుంచి ఫోన్ లాక్కుంది. ‘నాన్నా, మనకి డబ్బులు రావాలంటే పిన్ ఎందుకు?’ అంది. ఇంటర్ చదివే పిల్లకి తట్టింది నాకు తట్టలేదు. కోపంలో ఉన్నవాడికి బుర్ర పనిచేయదు, వాళ్ళకి ఆ సంగతి తెలుసు. ఒకవేళ ఇలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

చివరికి 1915కి ఫోన్ చేశాను, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనే మాట్లాడారు, డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు, ఇచ్చారు. 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపం ఉన్న సరుకు, నకిలీ సరుకు, చెప్పినదానికీ పంపినదానికీ పొంతన లేని సరుకు వాపసు తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. అక్కడా తేలకపోతే మన జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, రెండేళ్ళ లోపు. 5 లక్షల లోపు కొన్నవాటికి ఫీజు లేదు. నాకు మూడు వారాలకి ఒక కిట్ డబ్బు వచ్చింది. రెండోది ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు నా కిట్ నేనే కట్టుకున్నాను. పాత కళ్ళజోడు డబ్బా ఒకటి. అందులో స్టెరైల్ గాజుగుడ్డ రెండు ముక్కలు, చిన్న పేపర్ టేపు, ఆయింట్‌మెంట్ ట్యూబు, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు, గవర్నర్‌పేటలో మందుల షాపులోనే కొన్నాను. పారాసిటమాల్ స్ట్రిప్ కత్తిరించకుండా, తేదీ ఉన్న అంచు లోపలికి మడిచి పెట్టాను. బీసెంట్ రోడ్డులో ఇరవై రూపాయల విజిలు, కొట్టువాడు చూస్తుండగానే ఊది చూశాను, నలుగురు వెనక్కి తిరిగారు. జిప్ కవరులో వంద నోట్లు నాలుగు, పది నోట్లు పది. బ్లడ్ గ్రూపు, మా ఆవిడ నంబరు, బామ్మర్ది నంబరు, 112, 108 బాల్ పెన్నుతో రాసిన కాగితం, ఫోన్ చచ్చిపోతే ఒక్క నంబరు కూడా గుర్తుండదు కాబట్టి. నోట్లు కాక 300 దాటలేదు. 5,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు బిల్లుతో విడిగా కొన్నాను. అది, మాత్రలు డిక్కీలో పెట్టను, డబ్బా ఆఫీసు సంచిలోనే ఉంటుంది. నెలనెలా గ్యాస్ బుక్ చేసే రోజున ఒకసారి విప్పి చూస్తున్నాను.

నిన్న రాత్రి అదే వీడియో మళ్ళీ వచ్చింది. అదే చెయ్యి, అదే జిప్, ఈసారి పౌచ్ ఆకుపచ్చ రంగు, అమ్మేవాడి పేరు వేరు. 41 వస్తువులంట, 1,099కే. పిన్నులు పెంచినట్టున్నారు.