ఇటలీ ప్రముఖుల కార్డుల పెట్టె: బొమ్మలు బావున్నాయి, పెన్ను మాత్రం దగ్గర పెట్టుకోండి

విజయనగరంలో మొన్న ఎగ్జిబిషన్ పెట్టినప్పుడు పుస్తకాల స్టాల్లో కొన్నాను. 48 కార్డులు, ఒక పక్క బొమ్మ, రెండో పక్క తెలుగులో ఆ మనిషి గురించి పది లైన్లు. 350 చెప్పాడు, 300కి ఇచ్చాడు. పెట్టె మీద తయారుచేసినవాళ్ల పేరు లేదు, అడ్రస్ లేదు, ఫోన్ నంబర్ అసలే లేదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక ఇక్కడ రాస్తున్నాను.

ముందు మంచి చెప్తాను. అట్ట గట్టిది, ఆరో తరగతి చదివే మా అమ్మాయి నెల రోజులుగా ఆడుతున్నా అంచులు లేవలేదు. బొమ్మల రంగులు నిజంగా బావున్నాయి. సంవత్సరాలు కూడా నేను చూసినంతవరకు సరిగ్గానే ఉన్నాయి. ఒక ఆదివారం పుట్టిన సంవత్సరం వరసలో కార్డులు నేల మీద పేర్చుకుంటూ, "నాన్నా, ఈయన పోయిన నెలలోనే ఈయన పుట్టాడు" అని రెండు కార్డులు పట్టుకొచ్చింది. గలిలేయో పిసాలో పుట్టింది 1564 ఫిబ్రవరి 15న, మికెలాంజెలో రోమ్‌లో కన్నుమూసింది అదే నెల 18న. మూడు రోజులు ఇద్దరూ ఒకేసారి భూమ్మీద ఉన్నారన్నమాట. ఇన్నేళ్లుగా రెండు పేర్లూ తెలిసినా నాకు తట్టని సంగతి అది. 300లో వంద అక్కడే గిట్టుబాటైంది.

ఇక తెలుగు సంగతి. ఇంగ్లీషులో ఉన్నదాన్ని మెషీన్‌లో వేసి తీసేశారు, ఎవరూ ఒక్కసారి కూడా చదివి చూసుకోలేదు. లియొనార్డో కార్డు మీద "పునరుజ్జీవన మనిషి" అని పెద్దక్షరాల్లో వేశారు. మా అమ్మ కళ్లజోడు పెట్టుకుని చదివి "ఏటి, చచ్చి బతికాడేటి ఈయన?" అంది. ఇంగ్లీషులో "రెనసాన్స్ మ్యాన్" అంటే అన్ని విద్యలూ వచ్చినవాడని, ఆయన చేయి పెట్టని విద్య లేదు అంటే సరిపోయేది కదా.

పేర్ల దగ్గర ఇంకా కడుపు మండింది. తెలుగుని తూర్పు దేశాల ఇటాలియన్ అని మనం గొప్పగా చెప్పుకుంటాం, రెండు భాషల్లోనూ మాటలు అచ్చుతో ముగుస్తాయని. చూడండి, వోల్టా, మార్కోని, ఫెర్మి, గారిబాల్డి, ఒక్కటీ హల్లు దగ్గర ఆగదు (కవూర్ ఒక్కడే మొండికేశాడు). ఇంత హాయిగా మన లిపిలో ఒదిగే పేర్లను ఇంగ్లీషు స్పెల్లింగ్ పట్టుకుని "మాచియావెల్లి" అనీ, "గియుసెప్పే గారిబాల్డి" అనీ రాస్తే ఎలా? ఆయన మాకియవెల్లి, ఈయన జుసెప్పె. మికెలాంజెలోని అయితే "మైఖేల్ ఏంజెలో" అని రెండు ముక్కలు చేశారు, ఏంజెలో వాళ్లబ్బాయి మైఖేల్ అన్నట్టు.

నేను ఎర్ర పెన్నుతో దిద్దినవి కొన్ని చెప్తాను, కొన్నవాళ్లుంటే మీరూ దిద్దుకోండి. గలిలేయో టెలిస్కోప్ కనిపెట్టాడని రాశారు, కనిపెట్టలేదు. 1608లో హాలండ్‌లో కళ్లద్దాలు చేసే హాన్స్ లిప్పర్‌షే దానికి పేటెంట్ అడిగాడు. ఆ కబురు విని గలిలేయో తన చేత్తో అంతకంటే మంచిది తయారుచేసుకుని ఆకాశం వైపు తిప్పాడు, 1610 జనవరిలో గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు చందమామల్ని చూశాడు. అన్నీ భూమి చుట్టూనే తిరుగుతాయన్న మాటకి అక్కడే దెబ్బ పడింది. ఆ తర్వాత, భూమే సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నందుకు 1633లో చర్చి విచారణ, చచ్చిపోయేదాకా ఇంట్లోనే నిర్బంధం, చర్చి తన పొరపాటు ఒప్పుకునేసరికి 1992 అయింది. ఇవేవీ కార్డులో లేవు, పిసా గోపురం మీంచి గుండ్లు పడేశాడన్న కథ మాత్రం నాలుగు లైన్లుంది.

మోనాలిసా కాన్వాస్ మీద వేసిందన్నారు. కాదు, పోప్లర్ చెక్క పలక మీద, ఎత్తు 77 సెంటీమీటర్లు, అంతే. మికెలాంజెలో కార్డు మీద, వాటికన్‌లోని సిస్టీన్ చాపెల్ అనే ప్రార్థనామందిరం పైకప్పుకి బొమ్మలు వేస్తూ ఆయన మంచె మీద వెల్లకిలా పడుకుని ఉన్నట్టు చూపించారు, అదీ తప్పే. 1508 నుంచి 1512 దాకా నిలబడి మెడ వెనక్కి విరిచే వేశాడాయన. మొహం మీద రంగు కారుతోందనీ, తను చిత్రకారుణ్ణి కానే కాదనీ ఏడుస్తూ ఒక పద్యం కూడా రాసుకున్నాడు. మెడనొప్పి మీద పద్యం రాసిన మనిషి కార్డులో అది వదిలేసి "దివ్య ప్రతిభ" అని రాస్తే పిల్లలకి ఏం ఎక్కుతుంది?

అన్నిటికన్నా పెద్ద గొడవ నికొలో కొంతి కార్డుతో వచ్చింది. వెనిస్ యాత్రికుడు, 1420 ప్రాంతంలో "విజయనగరం వచ్చాడు" అని రాసుంది. మా పిల్ల ఆ కార్డు బడికి పట్టుకెళ్లి అందరికీ చూపించేసింది, సాయంత్రం వచ్చి "ఆయన మన కోట చూశాడా నాన్నా, గంటస్తంభం చూశాడా?" అని ఒకటే అడగడం. మన కోట కట్టింది 1713లో తల్లీ, ఆయన వచ్చింది హంపీ విజయనగరానికి అని చెప్తే మొహం చిన్నబోయింది. "తుంగభద్ర ఒడ్డున" అని ఒక్క మాట వేసి ఉంటే సరిపోయేది. తెలుగు పెట్టెని మా ఊళ్లోనే అమ్ముకుంటూ ఆ మాత్రం చూసుకోవద్దా?

మార్కో పోలో కార్డులో చైనా తప్ప ఇంకేం లేదు. ఆయన మన మోటుపల్లి రేవుని ముట్‌ఫిలి అని రాశాడు, అక్కడ ఒక రాణి ఏలుతోందని, వజ్రాలు దొరుకుతాయని, సాలెగూడులాంటి సన్నటి బట్ట నేస్తారని రాశాడు. ఆ రాణి రుద్రమదేవే అని చరిత్రకారులంటారు. సాలెగూడులాంటి నూలు అంటే ఏంటో పొందూరు వాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఫిబొనాచి కార్డు కూడా అంతే. 1202లో రాసిన లెక్కల పుస్తకంలో మన భారతీయ అంకెల్ని యూరప్ వర్తకులకి నేర్పాడు, అది వదిలేసి కుందేళ్ల లెక్క ఒక్కటే వేశారు. ఆ లెక్కలో వచ్చే 1, 2, 3, 5, 8 వరస (ముందు రెండూ కలిపితే తర్వాతది) ఆయనకంటే ముందే జైన పండితుడు హేమచంద్రుడి ఛందస్సులో ఉంది. లఘువుకి ఒక మాత్ర, గురువుకి రెండు, నాలుగు మాత్రలు ఎన్ని రకాలుగా పేర్చవచ్చో కాగితం మీద వేసి చూడండి, ఐదు వస్తాయి. ఐదు మాత్రలకి ఎనిమిది. తెలుగు మాస్టార్లకి పండగే.

వోల్టా కార్డు మాత్రం బంగారం. 1800లో ఆయన లోకానికి చూపించిన బ్యాటరీ, రెండు లోహాల బిళ్లలు, మధ్య ఉప్పునీళ్లలో తడిపిన గుడ్డ, బొమ్మ ఎంత శుభ్రంగా వేశారంటే అది చూసే మేం నాలుగు నిమ్మకాయల్లో రాగితీగ ముక్కలు, జింకు పూత మేకులు గుచ్చి వరసగా కలిపాం. ఎర్ర ఎల్‌ఈడీ వెలిగింది, మిణుకుమిణుకుమనే గానీ వెలిగింది. ఫ్యాన్ ఆపి, లైటు తీసి, మా అమ్మని కూడా పిలిచి చూపించాం. ఆ నిమ్మకాయలు పులిహోరకి తెచ్చినవి, ఆ తిట్లు వేరే.

48 మందిలో ఆడవాళ్లు ఇద్దరే. మరియా మాంటిస్సోరి, నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త రీటా లేవి-మొంతల్చీని. మాంటిస్సోరి కార్డు అందరూ చదవాలి, ఎందుకంటే మన ఊళ్లలో ఏ వీధికి వెళ్లినా ఆవిడ పేరుతో ఒక బోర్డు ఉంటుంది, ఆవిడెవరో మాత్రం తెలియదు. డాక్టరు చదువు చదివి 1907లో రోమ్‌లో పేద పిల్లలకి బడి పెట్టింది, 1939లో మద్రాసు అడయార్ వచ్చింది, యుద్ధం వల్ల ఇటలీ వాళ్లంతా శత్రువులైపోయి ఆవిడ కొడుకుని బ్రిటిష్ వాళ్లు నిర్బంధించారు, 1946 దాకా ఆవిడ ఇక్కడే ఉండిపోయింది. పిల్ల తన చేత్తో ముట్టుకుని, పేర్చి నేర్చుకోవాలన్న మనిషి పేరు పెట్టుకుని ఎల్‌కేజీ పిల్లలకి రోజుకి మూడు పేజీల హోంవర్క్ ఇస్తున్నారు. సరే, అది వేరే గొడవ.

మా మామయ్య పెట్టె చూడగానే అడిగింది సోనియా గాంధీ కార్డు ఉందా అని. లేదండీ.

కొనొచ్చా అంటే, పక్కన కూర్చుని చదివి, తప్పులు దిద్దే పెద్దవాళ్లుంటే కొనండి, 300కి బొమ్మలే గిట్టుబాటు. పిల్లల చేతికిచ్చి వదిలేస్తే మాత్రం వద్దు. ఇంకోటి, నా పెట్టెలో గారిబాల్డి రెండొచ్చాయి, మాజ్జినీ లేడు. ముక్కలుగా ఉన్న ఇటలీని ఒక్క దేశం చేసినవాళ్లలో కవూర్, గారిబాల్డి ఉండి మాజ్జినీ లేకపోతే ఆ ఏకీకరణ ఆట ఆడటం కుదరట్లేదు. విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ ఎవరికైనా మాజ్జినీ రెండొచ్చి ఉంటే చెప్పండి, మార్చుకుందాం.