శ్రీకాకుళంలో ఒక జర్మన్ నియోజకవర్గం: వారాంతపు కోర్సుపై సమీక్ష

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో, ఒక మేడ పై అంతస్తులో నడిచే పోటీ పరీక్షల అధ్యయన కేంద్రం ఎన్నికల వ్యవస్థల తులనాత్మక అధ్యయనంపై వారాంతపు తరగతులు నిర్వహిస్తోంది. గ్రూప్-1, నెట్ పరీక్షలకు చదివే విద్యార్థుల కోసం రూపొందించిన కోర్సే అయినా, ఆసక్తి ఉన్న ఇతరులనూ చేర్చుకుంటున్నారు. పలుమార్లు ప్రిసైడింగ్ అధికారిగా ఎన్నికల విధులు చేసిన ఉపాధ్యాయుడిగా నేను ఆ అవకాశాన్ని వినియోగించుకున్నాను. నోట్సుతో కలిపి రెండు వేల రూపాయల రుసుము తీసుకున్నారు. ఇక్కడ దొరికే బోధనతో పోల్చి చూస్తే ఆ మొత్తం ఎక్కువేమీ కాదు.

ఈ కోర్సును మిగిలిన వాటి నుంచి వేరు చేసేది దాని పద్ధతి. ఇంగ్లండులో ఇలా, అమెరికాలో అలా అంటూ దేశాల జాబితా చదివించకుండా, జర్మనీలోని ఒకే ఒక్క పార్లమెంటు నియోజకవర్గాన్ని తీసుకుని, 1990 నుంచి 2025 వరకు అక్కడి ఓటర్లు ఎవరిని గెలిపించారో, ఎందుకు గెలిపించారో, ఆ గెలుపు జాతీయ సభకు ఎలా చేరిందో కోర్సు మొత్తంగా పరిశీలించారు. అది ఈశాన్య జర్మనీలో, బాల్టిక్ సముద్రపు ఒడ్డున, స్ట్రాల్‌జుండ్ పట్టణాన్ని, రూగెన్ ద్వీపాన్ని కలుపుకొని ఉన్న 15వ నంబరు నియోజకవర్గం. దీని ప్రస్తుత అధికారిక నామం ఫోర్‌పోమెర్న్-రూగెన్ – ఫోర్‌పోమెర్న్-గ్రైఫ్స్‌వాల్డ్ 1. జర్మనీ మాజీ చాన్సలర్ (ప్రభుత్వాధినేత) ఏంగెలా మెర్కెల్ 1990 నుంచి 2017 వరకు జరిగిన ఎనిమిది ఎన్నికల్లోనూ వరుసగా గెలిచిన స్థానం ఇదే.

ఎంపిక ఎంత సరైనదో మొదటి తరగతిలోనే తెలిసింది. 1990 అక్టోబరు 3న తూర్పు జర్మనీ పశ్చిమ జర్మనీలో విలీనమయింది. అదే ఏడాది డిసెంబరు 2న ఉమ్మడి దేశపు తొలి ఎన్నికలు జరిగాయి. అప్పటికి మెర్కెల్ వయసు ముప్పై ఆరేళ్లు. ఆమె హాంబుర్గ్‌లో పుట్టి తూర్పు జర్మనీలోని టెంప్లీన్‌లో పెరిగారే తప్ప ఈ తీరానికి చెందిన వ్యక్తి కారు. ఎన్నికలకు ముందు నవంబరులో రూగెన్ ద్వీపంలోని లోబె అనే పల్లెకు వెళ్లి, జాలర్ల పాకలో వారితో కలిసి కూర్చున్నప్పుడు తీసిన ఛాయాచిత్రం తరువాతి కాలంలో ప్రసిద్ధమైంది. బోధకుడు ఆ చిత్రాన్ని తెర మీద చూపి, చాలాసేపు ఏమీ చెప్పకుండా అలాగే ఉంచారు. తరగతిలో కళింగపట్నం, భావనపాడు వైపు నుంచి వచ్చిన పిల్లలున్నారు. చేపలవేటతో బతికే ఊళ్లలో, అప్పటిదాకా నమ్ముకున్న ఏర్పాటంతా కూలిపోతున్న వేళ, బయటి నుంచి వచ్చిన ఒక అభ్యర్థి వలలు, పడవల గురించి అడిగి తెలుసుకోవడం ఏమిటో వారికి విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆ ఎన్నికల్లో ఆమెకు 48.5 శాతం మొదటి ఓట్లు వచ్చాయి.

ఈ 'మొదటి ఓటు' అనే మాట దగ్గరే మన విద్యార్థులు సాధారణంగా తడబడతారు. జర్మన్ ఓటరుకు ఒకే బ్యాలెట్ పత్రం మీద రెండు ఓట్లుంటాయి. ఎడమవైపు నల్ల సిరాతో అచ్చయిన వరుసలో నియోజకవర్గ అభ్యర్థికి, కుడివైపు నీలి సిరాతో అచ్చయిన వరుసలో పార్టీ జాబితాకు ఓటు వేయాలి. సభలో ఏ పార్టీకి ఎన్ని స్థానాలన్నది ప్రధానంగా రెండో ఓటే నిర్ణయిస్తుంది. 1949లో ఓటరుకు ఒకే ఓటు ఉండేది. రెండు ఓట్ల పద్ధతి 1953లో వచ్చింది. ఇవన్నీ ఏ గైడులోనైనా దొరికే సంగతులే. ఇక్కడ చేసిన పని వేరు. అసలు పత్రాన్ని పోలిన నమూనాలను రెండు రంగుల్లో అచ్చువేయించి, అందరి చేతా ఓటు వేయించి, ఆ సాయంత్రమే మా చేతనే లెక్కింపజేశారు. జర్మనీలో లెక్కింపు సిబ్బంది చేసినట్లే, రెండు ఓట్లూ ఒకే పార్టీకి పడిన పత్రాలను ఒక దొంతిగా, వేర్వేరు పార్టీలకు పడినవాటిని మరో దొంతిగా, ఏ గుర్తూ లేనివాటిని ఇంకో దొంతిగా, సందేహాస్పదమైనవాటిని విడిగా పెట్టాం. గడిలో అడ్డగీతల గుర్తుకు బదులు టిక్కు పెట్టిన పత్రం ఒకటి వచ్చినప్పుడు చెల్లుతుందా, చెల్లదా అని రెండు బల్లల మధ్య పెద్ద వాదన నడిచింది. ఓటరు ఉద్దేశం స్పష్టంగా ఉంటే చెల్లుతుందన్న నియమం ఆ వాదన తరువాత ఎవరికీ మరుపు రాదు.

ఎన్నికల విధులు చేసినవాడిగా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న భాగం కూడా ఇదే. అక్కడ ఆదివారం ఉదయం 8 నుంచి సాయంత్రం 6 వరకు పోలింగ్ జరుగుతుంది. తలుపులు మూసిన వెంటనే అదే గదిలో, ఎవరు వచ్చి చూసినా అభ్యంతరం లేకుండా, చేతితోనే లెక్కిస్తారు. 2005 ఎన్నికల్లో కొన్నిచోట్ల వాడిన ఓటింగ్ యంత్రాలు రాజ్యాంగ విరుద్ధమని జర్మన్ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో తీర్పునిచ్చింది. ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని పౌరుడు కూడా లెక్కింపును స్వయంగా సరిచూసుకోగలగాలన్నది ఆ తీర్పులోని కీలకాంశం. మన దగ్గర 2024 మే 13న పోలింగ్ ముగిశాక యంత్రాలు జూన్ 4 వరకు స్ట్రాంగ్ రూముల్లో ఉన్నాయి. ఏడు విడతల పోలింగ్, దేశం పరిమాణం అందుకు కారణాలు. ఆ రెండు దేశాల్లో ఏది మేలని తీర్పు చెప్పకుండా, ఒక్కో ఏర్పాటు ఏ భయానికి జవాబుగా పుట్టిందో వివరించడం బోధకుడి ప్రతిభ. పోలైన ఓట్ల లెక్క నమోదుచేసే ఫారం 17-సి మీద ఏజెంట్ల చేత సంతకాలు తీసుకునే మన పద్ధతిని ఆయన ప్రస్తావించిన తీరు చూస్తే, ఆయనకు పోలింగ్ కేంద్రం లోపలి పని బాగా తెలుసునని నాకు అర్థమయింది.

ఓట్ల చరిత్రను చెప్పిన తరగతి కూడా బలంగానే సాగింది. 1998లో మెర్కెల్ పార్టీకే చెందిన చాన్సలర్ హెల్ముట్ కోల్ ప్రభుత్వం ఓడిపోయిన ఏడాది ఆమె వాటా 37.3 శాతానికి పడిపోయినా స్థానం నిలిచింది. చాన్సలర్‌గా ఎనిమిదేళ్లు గడిచాక 2013లో 56.2 శాతానికి చేరింది. శరణార్థుల రాకపై దేశమంతా చీలిపోయిన తరువాత, 2017లో 44 శాతానికి దిగింది. 2021లో ఆమె పోటీ నుంచి తప్పుకోగానే సోషల్ డెమొక్రాట్ల యువ అభ్యర్థి ఆనా కసౌట్స్కీ 24.3 శాతంతోనే గెలిచారు. 2025 ఫిబ్రవరిలో ఆ స్థానం వలసలను వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీ పరమైంది. 2021లో పావు వంతు ఓట్లైనా రాకుండా గెలవడం చూసి విద్యార్థులు ఆశ్చర్యపోతే, ఓట్లు అనేక పార్టీల మధ్య చీలినప్పుడు మన పద్ధతిలోనూ ఇదే జరుగుతుందని, అయితే అక్కడ రెండో ఓటు ఆ లోటును సభలో సరిచేస్తుందని బోధకుడు బోర్డు మీద లెక్క వేసి చూపారు. ఓట్ల నిష్పత్తిలో పార్టీలకు స్థానాల పంపకానికి 2009 నుంచి అక్కడ వాడుతున్న సెయింట్-లాగ్యూ పద్ధతిని అంత సులువుగా చెప్పినవారిని నేను ఇంతకు ముందు చూడలేదు.

పోలికకు మన శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్నే తీసుకోవడం సముచితంగా ఉంది. కింజరాపు ఎర్రన్నాయుడు 1996, 1998, 1999, 2004 ఎన్నికల్లో గెలిచి, 2009లో కిల్లి కృపారాణి చేతిలో ఓడిపోయారు. 2014 నుంచి ఆయన కుమారుడు రామ్మోహన్ నాయుడు వరుసగా మూడుసార్లు గెలిచారు. ఒక నాయకుడి వ్యక్తిగత ఆదరణ ఎక్కడ ముగిసి, పార్టీ బలం ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నకు ఈ రెండు తీరాల ఫలితాలను పక్కపక్కన పెట్టి చూడటం మంచి సాధన.

కోర్సులోని ప్రధాన లోపం కూడా సరిగ్గా ఇక్కడే ఉంది. నోట్సులో మెర్కెల్ ఎనిమిది విజయాలను ఒకే పట్టికలో, ఒకే ప్రాంతపు ఫలితాలన్నట్లుగా అచ్చువేశారు. అది ఒకే ప్రాంతం కాదు. 1990లో ఆ నియోజకవర్గం పేరు స్ట్రాల్‌జుండ్ – రూగెన్ – గ్రిమ్మెన్. 2002లో దేశంలోని మొత్తం నియోజకవర్గాలను 328 నుంచి 299కి తగ్గించినప్పుడు సరిహద్దులు మారాయి. 2013 ఎన్నికల నాటికి, ఈ నియోజకవర్గం ఉన్న మెక్లెన్‌బుర్గ్-ఫోర్‌పోమెర్న్ రాష్ట్రం మరొక స్థానాన్ని కోల్పోయి ఆరింటికి దిగింది. అప్పుడే, 1456లో స్థాపించిన విశ్వవిద్యాలయం ఉన్న గ్రైఫ్స్‌వాల్డ్ నగరం ఈ నియోజకవర్గంలో చేరింది. విద్యార్థులు, ఆచార్యులు ఉన్న ఒక నగరం వచ్చి కలిశాక వచ్చిన 56.2 శాతాన్ని, అది లేనప్పటి శాతాల పక్కన ఏ గమనికా లేకుండా పెట్టడం సరికాదు. మన జిల్లావారికి ఈ సంగతి అర్థం కావడానికి దూరం వెళ్లనక్కర్లేదు. ఎర్రన్నాయుడు 1983లో తొలిసారి శాసనసభకు ఎన్నికైన హరిశ్చంద్రపురం నియోజకవర్గం 2008 పునర్విభజనలో రద్దయింది, సోంపేట కూడా పోయింది, పలాస కొత్తగా వచ్చింది. బొబ్బిలి లోక్‌సభ స్థానం పోయి విజయనగరం ఏర్పడిందీ అప్పుడే. 2004 ఫలితాన్ని 2009 ఫలితంతో నేరుగా పోల్చేవారికి మన జిల్లాలోనే తప్పు లెక్క వస్తుంది.

సరిహద్దులను వదిలేయడం వల్ల కోర్సు ఇంకా పెద్ద విషయాన్ని చేజార్చుకుంది. ఆ రాష్ట్రానికి స్థానాలు ఎందుకు తగ్గాయి? విలీనం తరువాత పరిశ్రమలు మూతబడి, యువత పని కోసం పశ్చిమానికి తరలిపోయారు. నియోజకవర్గ జనాభా సగటుకు 25 శాతానికి మించి తేడాగా ఉంటే సరిహద్దులు మార్చి తీరాలని అప్పటి జర్మన్ చట్టం చెప్పింది. కాబట్టి ఊళ్లు ఖాళీ అయితే ప్రాతినిధ్యమూ తగ్గుతుంది. గుజరాత్‌లోని వెరావల్ వరకు వేటకు వెళ్లే మత్స్యకారులు, హైదరాబాదు, చెన్నై కట్టడాల పనులకు తరలే కుటుంబాలు ఉన్న జిల్లాలో, 2026 తరువాతి జనగణనపై దక్షిణాది రాష్ట్రాలు ఆందోళన చెందుతున్న సమయంలో, ఇంతకన్నా దగ్గరి పాఠం మరొకటి ఉండదు. తపాలా ఓటు గురించి చెప్పిన నాలుగు మాటలు కూడా చాలవు. జర్మనీలో 1957 నుంచి తపాలా ఓటు ఉంది. 2008 నుంచి కారణం చెప్పనవసరం లేకుండా ఎవరైనా కోరవచ్చు. 2021లో ఓటు వేసినవారిలో 47.3 శాతం మంది తపాలాలోనే వేశారు. వెరావల్‌లో ఉన్న మన మత్స్యకారుడికి ఈ రోజుకీ ఆ దారి లేదు. ఒక పూర్తి తరగతి దీనికి కేటాయించి ఉండాల్సింది.

2023 సంస్కరణను మాత్రం చక్కగా చెప్పారు. సభ సంఖ్యను 630కి పరిమితం చేశాక, రెండో ఓట్ల వాటా సరిపోకపోతే నియోజకవర్గంలో మొదట నిలిచినవారికి కూడా సభ్యత్వం దక్కదు. 2025లో అలా 23 మంది గెలిచీ సభకు వెళ్లలేకపోయారు. "మరి ఆ ఊరివాళ్ల తరఫున ఎవరు మాట్లాడతారు మాస్టారూ?" అని ఒక విద్యార్థిని అడిగింది. పార్టీ జాబితా నుంచి ఎన్నికైన సభ్యులు కొన్నిచోట్ల ఉంటారని, కొన్నిచోట్ల ఎవరూ ఉండరని బోధకుడు దాచకుండా చెప్పారు.

వసతి గురించి క్లుప్తంగా చెప్పాలంటే, గది ఇరుకు, ఇన్వర్టరు ఉంది, వెనక బల్లలకు తెర సరిగా కనిపించదు. నోట్సు కాగితం బాగుంది. జర్మన్ పేర్ల తెలుగు రాతలో ఒకే పేరు రెండు మూడు రకాలుగా ఉంది. అభ్యర్థులు పరీక్షలో రాసేటప్పుడు ఇబ్బంది పడతారు కాబట్టి దీన్ని సరిచేయాలి.

తరువాతి బ్యాచిలో లూడ్విగ్స్‌హాఫెన్ నియోజకవర్గాన్ని తీసుకుంటామని చెప్పారు. చాన్సలర్ హెల్ముట్ కోల్ అక్కడ 1990, 1994 ఎన్నికల్లో మాత్రమే ప్రత్యక్షంగా గెలిచి, 1998లో మళ్లీ ఓడిపోయి కూడా పార్టీ జాబితా ద్వారా సభలో కొనసాగారు కాబట్టి, మొదటి ఓటుకూ రెండో ఓటుకూ ఉన్న సంబంధాన్ని చూపడానికి అది స్ట్రాల్‌జుండ్ కన్నా మంచి ఉదాహరణే. రాజనీతి శాస్త్రం ఐచ్ఛికంగా తీసుకున్నవారు, ఎన్నికల విధులు చేసే ఉపాధ్యాయులు తప్పక చేరవచ్చు. ఈసారి మొదటి తరగతిలోనే, ఫలితాల పట్టిక కన్నా ముందు, ప్రతి ఎన్నికనాటి సరిహద్దులతో కూడిన పటాలు పంచాలని నిర్వాహకులకు రాతపూర్వకంగా విన్నవించాను.