రిఫైనరీ ఊళ్లో చవక పెట్రోలు: మూడేళ్లు వెతికాక నా మాట

హైదరాబాద్ నుంచి వైజాగ్‌కి బదిలీ అయి వచ్చిన మొదటి వారంలోనే మల్కాపురం మీదుగా వెళ్తూ రిఫైనరీ గొట్టాలు చూసి మనసులో లెక్కలు కట్టేసుకున్నా. 1957 నుంచీ ఇక్కడ పెట్రోలు తీస్తున్నారు, విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా పైపులైను ఇక్కణ్నుంచే వెళ్తుంది. మరి పెట్రోలు పుట్టింట్లో లీటరుకు మూణ్నాలుగు రూపాయలైనా తగ్గాలి కదా! తీరా బంకులో బోర్డు చూస్తే హైదరాబాద్ కంటే దాదాపు రూపాయి ఎక్కువ.

పక్కింటి మాస్టారి దగ్గర వాపోతే ఆయన చల్లగా, "సముద్రం పక్కనుందని మనకి ఉప్పు ఊరికే ఇచ్చేత్తన్నారేటి బాబూ?" అన్నారు.

ఆ తిరకాసంతా పన్నుల్లో ఉంది. తెలంగాణలో పెట్రోలు మీద రాష్ట్రం వేసే పన్ను, అంటే వ్యాట్, 35.2 శాతం. మన దగ్గర 31 శాతమే, కానీ దాని మీద లీటరుకు మరో 4 రూపాయలు, రోడ్ల సెస్సు కింద ఇంకో రూపాయి. శాతం చూసి మురిసిపోతే ఆ ఐదు రూపాయలు వెనక నుంచి వచ్చి తంతాయి. రిఫైనరీ పక్కనున్నందుకు కలిసొచ్చేది రవాణా ఖర్చు ఒక్కటే. విజయవాడ వాళ్ల కంటే మనకు కాస్త తక్కువ పడేది అందుకే.

మొదటి ఆర్నెల్లూ మద్దిలపాలెం నుంచి గాజువాక దాకా ఏ బోర్డు కనిపించినా మెడ తిప్పి చూసేవాణ్ని. ప్రభుత్వ కంపెనీల బంకుల మధ్య తేడా పైసల్లోనే. ఆ పైసల కోసం రెండు కిలోమీటర్లు అదనంగా తిరిగిన రోజులూ ఉన్నాయి, నవ్వకండి.

అసలు నష్టం రేటులో లేదని ఒక రాత్రి తెలిసింది. ఊరి చివర ఒక బంకులో రెండొందలకి కొట్టమన్నా. కుర్రాడు యాభై దగ్గర ఆపేసి, "సారీ సార్, యాభై అని వినపడింది, మిగతాది కొట్టేస్తా" అన్నాడు. ఈలోగా ఇంకొకడొచ్చి కార్డా, ఫోన్‌పేనా అని అడుగుతున్నాడు. నేను అటు తిరిగి ఇటు చూసేసరికి మీటరు నూటయాభై మీద ఆగి ఉంది. యాభై, నూటయాభై కలిపి రెండొందలే కదా అనుకుని డబ్బిచ్చేశా. ఇంటికొచ్చాక వెలిగింది: వాడు మీటరు జీరో చెయ్యనేలేదు. యాభై మీద నుంచే నూటయాభై దాకా పోనిచ్చాడు. నా బండిలో పడింది నూటయాభై రూపాయల పెట్రోలే. లీటరుకు పైసలు వెతికినవాణ్ని ఒక్క దెబ్బకి యాభై వదిలించుకున్నా.

అప్పట్నుంచీ బండి దిగి, సీటు ఎత్తి, జీరో కళ్లారా చూశాకే "కొట్టు" అంటున్నా. ఇప్పుడు పోయించుకుంటున్న బంకులో ఒకసారి ఐదు లీటర్ల కొలత డబ్బా కూడా అడిగా. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్రతో అది ఉండాలి, అడిగితే మన ముందే కొలిచి చూపించాలి. ఐదు లీటర్లకి 25 మిల్లీలీటర్ల వరకే అటూ ఇటూ ఒప్పుకుంటారు. మేనేజరు మొహం కాస్త ముడుచుకున్నా కొలిచి చూపించాడు, సరిగ్గా గీత మీదకి వచ్చింది. ఆ రోజే ఆ బంకుకి ఖాయమైపోయా.

రెండొందలు, మూడొందలు అని కాకుండా 210కో 305కో కొట్టిస్తే మోసం ఉండదంటారు, నాకైతే ఏ తేడా కనపడలేదు. తెల్లారుజామున చల్లగా ఉన్నప్పుడు పోయిస్తే ఎక్కువొస్తుందన్నదీ అంతే. ట్యాంకు భూమి లోపల ఉంటుంది, దానికి ఎండేం తెలుసు.

ఒడిశా పెట్రోలు గురించి అందరూ అడుగుతారు. అక్కడ వ్యాట్ 28 శాతమే, ఇచ్ఛాపురం దాటితే లీటరుకు ఆరేడు రూపాయలు తగ్గుతుంది. యానాం పుదుచ్చేరి కిందకి వస్తుంది కాబట్టి అక్కడ ఇంకా చవక. బరంపురం పెళ్లికి వెళ్లినప్పుడు కారు ట్యాంకు నింపుకొచ్చాం, బాగానే ఉంది. కానీ నా స్కూటీ ట్యాంకు ఐదు లీటర్లు. దాని కోసం రెండొందల కిలోమీటర్ల పైన వెళ్తే నన్ను ఆసుపత్రిలో చూపించాలి.

నాకు నిజంగా మిగిలింది దారి మార్చాక. మధురవాడ నుంచి గోపాలపట్నం ఆఫీసుకి హైవే మీద ఎన్ఏడీ జంక్షన్ వైపు పోయేవాణ్ని, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ. ఇప్పుడు హనుమంతవాక దగ్గర ఆరిలోవ వైపు తిరిగి, ముడసర్లోవ, అడవివరం, సింహాచలం మీదుగా వెళ్తున్నా. టైర్లలో గాలి వారానికోసారి చూసుకుంటున్నా. మైలేజీ 42 నుంచి 47కి వచ్చింది. నెలకి తొమ్మిదొందల కిలోమీటర్ల మీద రెండు లీటర్ల పైనే మిగులుతోంది. పొద్దున్నే ఆ కొండల మధ్య గాలి అదనం.

నా బంకు మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. ఉచితంగా గాలి కొట్టాల్సిన మిషన్‌కి మూడు నెలలుగా "రిపేరు" అట్ట వేలాడుతోంది. గాలి కోసం మాత్రం ఇప్పటికీ పంక్చర్ షాపుకే వెళ్తున్నా.