నూనె బ్రేకా, వైరు బ్రేకా: పాలమూరు రోడ్ల మీద సైకిలుకు ఏది మేలు?

దోమలపెంట దాటినంక శ్రీశైలం డ్యామ్ దాకా ఘాట్ రోడ్డు వంకరలు తిరుక్కుంట దిగుతది. ఒకసారి వైరు డిస్క్ (వైరు గుంజితే ప్యాడ్లు చక్రం డిస్కును పట్టే బ్రేకు) ఉన్న సైకిల్ మీద ఆ ఘాట్ దిగిన. సగం దూరం పోకముందే వేళ్లు గుంజినయి, లీవర్ హ్యాండిల్‌కు తగులుడు మొదలుపెట్టింది. ఒక మలుపుల పక్కకు ఆగి వైరు బిగిచ్చుకోని కదిలిన. తర్వాత హైడ్రాలిక్‌తోటి, అంటే వైరు బదులు నూనెతోటి పనిచేసే డిస్క్ బ్రేకుతోటి, అదే ఘాట్ దిగితే ఒక్క వేలు సరిపోయింది. ఆపే బలంల రెంటికీ పోటీ లేదు, ముందే ఒప్పుకుంటున్న.

గని మహబూబ్‌నగర్‌లనో నల్లగొండలనో ఉండేటోడు కొనేముందు ఇంకోటి అడగాలె: ఖరాబైతే ఎవరు చేస్తరు?

వైరు డిస్క్‌ను ఏ సైకిల్ షాపుల అయినా చేస్తరు. లోపలి వైరుకు చిల్లర ఖర్చే. చానా వాటిల బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతది. అదే డిస్కును లోపలి ప్యాడ్ మీదికి నెడుతది. అందుకే ప్యాడ్లు అరిగినకొద్దీ లోపలి దాన్ని చేత్తోటి దగ్గరికి తిప్పుకోవాలె. మన చెల్క దుమ్ము వైరు తొడుగులకు పోతే లీవర్ బరువెక్కుతది. పెద్ద పనులేం కావు గని, తెగవు.

హైడ్రాలిక్‌ల ఈ లొల్లి లేదు. ప్యాడ్ అరిగితే దాన్ని నెట్టే పిస్టన్లే ముందుకొస్తయి, దుమ్ము పోనీకి సందు లేదు. అసలు తిప్పలంత నూనె దగ్గర.

షిమానో, టెక్ట్రో, మాగురా బ్రేకులకు మినరల్ ఆయిల్. శ్రామ్‌ల మాత్రం చానా మోడళ్లకు డాట్ (DOT) అనే బ్రేకు ద్రవం. మోటార్‌సైకిల్ డిస్కుల పోసే డాట్ 4 దాని దాయాదే. డాట్ గాలిల తేమను గుంజుకుంటది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పట్టినంక ఆ హద్దు 155కు దిగుతది. రంగు మీద పడితే రంగును కూడా తింటది. మినరల్ ఆయిల్‌కు ఈ గుణాలు లేవు. కాకపోతే డాట్ ప్రతి బండ్ల షాపుల దొరుకుతది, మినరల్ ఆయిల్ ఆన్‌లైన్ల తెప్పించుకోవాలె. తిరకాసు ఇక్కడే.

నా షిమానో లీవర్ మెత్తబడితే ఒక మోటార్‌సైకిల్ మెకానిక్ దగ్గరికి తీసుకపోయిన. "బ్రేక్ ఆయిలే గదన్నా, పోసిస్త" అని డాట్ 4 పోసిండు. కొన్ని రోజులు బాగనే ఆగింది. తర్వాత లీవర్ వదిలినా ప్యాడ్లు వెనక్కి పోలే, చక్రం ఈడ్చుకుంట తిరిగింది. లోపల రబ్బరు సీళ్లు ఉబ్బినయి. షిమానో సీళ్లు విడిగా అమ్మదు. లీవర్, కాలిపర్ (చక్రం దగ్గర ప్యాడ్లు, పిస్టన్లు ఉండే భాగం) రెండూ మార్చిన. ఆయన్ని అనుడెందుకు, ఏ నూనెనో చెప్పాల్సింది నేను.

అప్పటి నుంచి నూనె ఎక్కిచ్చి లోపలి గాలి తీసే పని నేనే చేసుకుంటున్న. చక్రం, ప్యాడ్లు తీసి పిస్టన్ల నడుమ పసుపు ప్లాస్టిక్ దిమ్మె పెడుత. లీవర్‌ను నేలకు సమంగా తిప్పి, స్క్రూ తీసి గరాటు బిగిస్త. కాలిపర్ నిప్పిల్‌కు సిరంజి పైపు తొడిగి, 7 నంబర్ పానతోటి కొంచెం వదులు చేసి, నూనెను కింది నుంచి పైకి ఎక్కిస్త. గాలి పైకే పోతది గద. స్క్రూడ్రైవర్ పిడితోటి పైపును తట్టుకుంట పోతే గరాట్ల సోడా బుడగల్లెక్క తేలుతయి. బుడగలు ఆగినంక లీవర్ నొక్కితే గట్టిగ తగులుతది. మొదటిసారి ఒక పొద్దు పట్టింది, ఇప్పుడు గంట లోపే.

ప్యాడ్ల మీద నూనె పడితే మాత్రం రెండూ ఒకటే. చైన్‌కు స్ప్రే కొట్టి వెనక డిస్క్ పాడు చేసుకున్నోళ్లల్ల నేనూ ఉన్న. డిస్కును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తోటి తుడిస్తే బాగైతది. నూనె తాగిన ప్యాడ్లు మారిస్తేనే నయం.

ఊర్ల ఆఫీసుకు పోయొచ్చేటోనికి వైరు డిస్క్ చాలు. మన్యంకొండ ఎక్కి దిగేటోడు, సిరంజి పట్టుకునే ఓపిక ఉన్నోడు, మినరల్ ఆయిల్ హైడ్రాలిక్ తీసుకోవాలె. చక్రం తీసినప్పుడు లీవర్ నొక్కొద్దని మాత్రం యాది పెట్టుకోవాలె. నొక్కితే పిస్టన్లు బయటికొస్తయి, వెనక్కి నూకాలంటే చెమట పడుతది. ప్యాడ్ల నడుమ మడిచిన అట్టముక్క పెడితే ఆ భయం లేదు.

మా తమ్ముని కొడుక్కు మొన్న వైరుదే కొనిపిచ్చిన. పంక్చరైతే సైకిల్‌ను తలకిందులు పెట్టి, చక్రం ఊడదీసి, లీవర్లు నొక్కుకుంట ఆడే రకం వాడు.