బ్రిటన్ వార్తల్లో పక్షపాతం: బీబీసీకి రాయాలా, ఆఫ్‌కామ్‌కా, ఇప్సోకా? ఏది మేలు?

బ్రిటన్‌లో ఒక వార్త ఏకపక్షంగా ఉందనిపిస్తే తట్టడానికి మూడు తలుపులున్నాయి: బీబీసీ సొంత ఫిర్యాదుల విభాగం, ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్, పత్రికలు తమకు తాము పెట్టుకున్న నియంత్రణ సంస్థ ఇప్సో. చాలామంది కోపం మీద ఎదురుగా కనిపించిన తలుపు తడతారు. కొన్నాళ్లకు ‘ఇది మా పరిధిలోకి రాదు’ అని జవాబొస్తుంది. ఈలోగా అసలు చోట గడువు దాటిపోతుంది. కాబట్టి ఏది మేలన్నది మీకు నచ్చిన సంస్థను బట్టి కాదు, జరిగిన తప్పు ఎలాంటిదన్న దాన్ని బట్టి తేలాలి.

ముందు పత్రికల సంగతి. టీవీ, రేడియో వార్తలు నిష్పాక్షికంగా ఉండాలని 2003 కమ్యూనికేషన్స్ చట్టం చెబుతుంది. పత్రికలకు ఆ షరతే లేదు. ఎన్నికల రోజు మొదటి పేజీలో ఫలానా పార్టీకి ఓటెయ్యమని రాసుకోవచ్చు. 1992 ఎన్నికల తర్వాత సన్ పత్రిక టోరీలను (కన్జర్వేటివ్ పార్టీని) గెలిపించింది తానేనని మొదటి పేజీలోనే చెప్పుకుంది. అందుకే ఇప్సోకు ‘ఈ పత్రిక పక్షపాతంతో ఉంది’ అని రాస్తే ఆ ఉత్తరం అక్కడితో ఆగిపోతుంది. ఇప్సో చూసే సంపాదకుల నియమావళిలో మొదటి క్లాజు అడిగేది వేరు: రాసింది నిజమా, వ్యాఖ్యనూ ఊహనూ నిజం నుంచి విడిగా చూపించారా?

ఈ తేడా తెలిసినవాళ్లు గెలుస్తారు. 2016 మార్చి 9న సన్ మొదటి పేజీలో, రాణి బ్రెగ్జిట్ వైపే ఉన్నారని పెద్దక్షరాల హెడ్డింగు పెట్టింది. బకింగ్‌హామ్ ప్యాలెస్ ఫిర్యాదు చేసింది. పత్రిక బ్రెగ్జిట్‌కు మద్దతిస్తోందన్నది అక్కడ విషయమే కాలేదు. హెడ్డింగులో ఖాయంగా చెప్పినదానికి కింది కథనంలో ఆధారం ఉందా అన్నదొక్కటే తూచారు. లేదని తేలింది. ఆ మే నెలలో తీర్పును సన్ రెండో పేజీలో అచ్చేసి, మొదటి పేజీలో దాని ప్రస్తావన పెట్టాల్సి వచ్చింది. హెడ్డింగు మొదటి పేజీ నిండా ఉన్నప్పుడు సవరణ రెండో పేజీకి పోవడం నాకు న్యాయంగా తోచదు. అయినా బ్రెగ్జిట్ మీద రెఫరెండానికి ముందే సవరణ పాఠకుడి చేతికి అందింది, అది చిన్న విషయం కాదు.

ఇప్సోకు రాయడానికి అచ్చైన రోజు నుంచి నాలుగు నెలల గడువు. కథనం ఇంకా వెబ్‌సైట్‌లో ఉంటే ఏడాది వరకూ రాయొచ్చు. ముందు పత్రికతోనే తేల్చుకోవడానికి 28 రోజులిస్తారు. జరిమానా 10 లక్షల పౌండ్ల దాకా వేసే అధికారం కాగితం మీద ఉంది కానీ, 2014 సెప్టెంబరులో మొదలైన ఈ సంస్థ దాన్ని వాడిన దాఖలా లేదు. ఇంకో చిక్కు: గార్డియన్, ఫైనాన్షియల్ టైమ్స్ ఇప్సోలో సభ్యులు కావు. గార్డియన్ మీదైతే ఆ పత్రికలోనే ఉండే రీడర్స్ ఎడిటర్‌కు రాయాలి.

ఇక ఆఫ్‌కామ్. ఐటీవీ, స్కై, జీబీ న్యూస్ లాంటి చానెళ్ల మీద ఫిర్యాదు నేరుగా ఇక్కడికే. గడువు ప్రసారమైన నాటి నుంచి 20 పని దినాలు. కోరలున్నది దీనికే. రష్యా ప్రభుత్వ చానెల్ ఆర్‌టీకి నిష్పాక్షికత తప్పినందుకు 2019లో 2 లక్షల పౌండ్ల జరిమానా వేసింది, 2022 మార్చిలో లైసెన్సే రద్దు చేసింది. అయితే మీ ఫిర్యాదును మీ కోసం పరిష్కరించడం దీని పని కాదు. చూస్తుంది, నిర్ణయం తన బులెటిన్‌లో వేస్తుంది. ఎంతమంది రాశారన్నదీ లెక్కలోకి రాదు. 2021 మార్చిలో ప్రిన్స్ హ్యారీ భార్య మేఘన్ గురించి ఐటీవీ వ్యాఖ్యాత పియర్స్ మోర్గాన్ అన్న మాటల మీద 57 వేలకు పైగా ఫిర్యాదులొచ్చాయి. ఆఫ్‌కామ్ ఐటీవీది తప్పు కాదంది.

ఇక్కడ దెబ్బతినేది ఎక్కువగా నియమం నంబరు దగ్గర. ఆఫ్‌కామ్ ప్రసార నియమావళిలో వార్తలకు 5.1 వర్తిస్తుంది. రాజకీయ వివాదాల మీద చర్చా కార్యక్రమమైతే 5.5. ఇందులో సమతూకం ఒక్క ఎపిసోడ్‌లోనే ఉండక్కర్లేదు, మొత్తం సిరీస్‌లో ఉంటే చాలు. ‘నిన్న రాత్రి ఒకే పార్టీ వాళ్లు మాట్లాడారు’ అన్న ఫిర్యాదు నిలబడనిది అందుకే. మరీ పెద్ద రాజకీయ విషయమైతే 5.11, 5.12 ఇంకా గట్టివి. 2024 ఫిబ్రవరి 12న జీబీ న్యూస్ అప్పటి ప్రధాని రిషి సునాక్‌తో గంటసేపు ప్రేక్షకుల ప్రశ్నల కార్యక్రమం వేసినప్పుడు ఆఫ్‌కామ్ పట్టుకుంది వీటినే. ప్రతిపక్ష వాదన తగినంతగా వినిపించలేదని ఆ అక్టోబరులో లక్ష పౌండ్ల జరిమానా ప్రకటించింది. అదే చానెల్‌లో ఎంపీ జేకబ్ రీస్-మాగ్ వార్తలు చదివారన్న కేసు మాత్రం హైకోర్టులో తిరగబడింది. రాజకీయ నాయకులు వార్తలు చదవకూడదన్న 5.3 ‘వార్తా కార్యక్రమాల’కే వర్తిస్తుందని, ఒకే కార్యక్రమం వార్తా కార్యక్రమమూ సమకాలీన చర్చా రెండూ కావడం కుదరదని 2025 ఫిబ్రవరిలో జడ్జి తేల్చారు. నియమం మాటలు మార్చడానికి ఆఫ్‌కామ్ సంప్రదింపులు మొదలెట్టాల్సి వచ్చింది. మాట వదులుగా ఉంటే కోర్టులో నిలబడదు, మనం రాసే ఫిర్యాదుకూ అదే వర్తిస్తుంది.

బీబీసీ దారి పొడుగు. 2017 ఏప్రిల్ నుంచి దాని మీద కూడా పైచేయి ఆఫ్‌కామ్‌దే అయినా, నిష్పాక్షికత మీద ఫిర్యాదు ముందు బీబీసీకే పెట్టాలి. ప్రసారమైన 30 పని దినాల్లోపు మొదటి ఉత్తరం. జవాబు నచ్చకపోతే అదే దశలో రెండో ఉత్తరం. అదీ తేలకపోతే బీబీసీ లోపలే ఉండే అప్పీళ్ల విభాగం, ఎగ్జిక్యూటివ్ కంప్లయింట్స్ యూనిట్. అక్కడా కాకపోతే అప్పుడు ఆఫ్‌కామ్. ప్రతి మెట్టుకూ 20 పని దినాల గడువుంటుంది. మొదటి ఉత్తరంలో లేని అంశాన్ని పై మెట్టులో కొత్తగా ఎత్తితే తీసుకోరు. చాలా ఫిర్యాదులు చచ్చేది ఇక్కడే.

ఎంత కాలం పడుతుందో ఒక కేసు చాలు చెప్పడానికి. 2021 నవంబరు 29న లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో యూదు కుర్రాళ్లు వెళ్తున్న బస్సు మీద కొందరు దాడి చేశారు. ముస్లింలను తిట్టిన మాట బస్సులోంచి వినిపించిందని బీబీసీ రాసింది. అది తిట్టు కాదని, ‘ఎవరికైనా ఫోన్ చెయ్యి, అర్జంటు’ అని హీబ్రూలో అన్న మాటని యూదు సంఘాల వాళ్లు వెంటనే చెప్పారు. ఒక్క వాక్యం సవరిస్తే అయిపోయేది. ఆ వివాదం ఉందని కూడా బీబీసీ ఎనిమిది వారాలు తన కథనంలో చెప్పలేదు. సొంత యూనిట్ జనవరిలో కొంత తప్పు ఒప్పుకుంది. ఆఫ్‌కామ్ తన తీర్పు ఇచ్చేసరికి 2022 నవంబరు. దాడికి గురైన పిల్లల మీద పడ్డ మచ్చ అన్నాళ్లూ అలాగే ఉంది.

సొంత యూనిట్ తీర్పు నిలుస్తుందన్న ధైర్యమూ లేదు. ట్రంప్ మాటల మీద బీబీసీ వ్యాఖ్యాత నాగా మంచెట్టి ప్రసారంలో అన్న వ్యాఖ్య నియమం తప్పిందని 2019 సెప్టెంబరులో యూనిట్ తేల్చింది. నిరసనలు రాగానే నెలాఖరుకల్లా డైరెక్టర్ జనరల్ టోనీ హాల్ దాన్ని తిప్పేశారు. ఆమెను మందలించడం తప్పేనని నేనూ అనుకుంటాను. కానీ తీర్పు మారాల్సింది విచారణలో, ఒక అధికారి సంతకంతో కాదు. 2024 అక్టోబరులో బీబీసీ పనోరమా కార్యక్రమం ట్రంప్ ప్రసంగంలో దాదాపు 54 నిమిషాల దూరంలో ఉన్న రెండు ముక్కల్ని ఒకే మాటలా అతికించింది. దుమారం లేచింది ఫిర్యాదుల దారిలో కాదు, ఏడాది తర్వాత లీకైన మెమోతో. 2025 నవంబరు 9న డైరెక్టర్ జనరల్ టిమ్ డేవీ, వార్తా విభాగం అధిపతి డెబొరా టర్నెస్ రాజీనామా చేశారు.

అయినా మామూలు ప్రేక్షకుడికి నేను మేలనేది బీబీసీ దారినే. మీ వాదనకు అంశం వారీగా రాతపూర్వక జవాబు ఇక్కడ దొరుకుతుంది, దాన్ని పట్టుకుని పై మెట్టెక్కొచ్చు. ఏటా టీవీ లైసెన్స్ ఫీజు కట్టే ఇంటికి అది హక్కు. చానెల్‌కు శిక్ష పడాలంటే ఆఫ్‌కామ్. అచ్చులో తప్పు దిద్దించాలంటే ఇప్సో, అదీ కచ్చితత్వం పేరుతో మాత్రమే.

ఎక్కడ రాసినా ఉత్తరం తీరు ఒకటే. ప్రసారమైతే తేదీ, సమయం, ఎన్నో నిమిషం. అన్న మాట ఉన్నదున్నట్టు. ఏది వదిలేశారు, దానికి రుజువేంటి. ఏ నియమం. ఒక ఉత్తరానికి ఒకే అంశం. వెబ్ కథనమైతే చూసిన వెంటనే స్క్రీన్‌షాట్ తీసుకోండి, సాయంత్రానికి వాక్యం మారిపోవచ్చు. ‘మీరెప్పుడూ ఇంతే’ అన్న మాట రాయకండి. ఆ ఒక్క వాక్యానికి జవాబిచ్చి మిగతాది వదిలేసే వీలు వాళ్లకిస్తారు.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని బీబీసీ తెలుగు చదివేవాళ్లకు ఒక మాట. 2017 అక్టోబరులో మొదలైన ఆ సేవ బీబీసీ విదేశీ ప్రసారాల విభాగమైన వరల్డ్ సర్వీస్ కిందిది. వరల్డ్ సర్వీస్ ఆఫ్‌కామ్ నియంత్రణలో లేదు. పైన చెప్పిన చివరి మెట్టు మనకు లేదు, బీబీసీ ఇచ్చిన జవాబే ఆఖరుది. బీబీసీ నడవడానికి ఆధారమైన రాజపత్రం, ప్రస్తుత చార్టర్ 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. కొత్త చార్టర్‌లో ఈ మెట్టు మనకూ కావాలని, యూనిట్ తీర్పును డైరెక్టర్ జనరల్ ఒక్కరే తిప్పే వీలుండకూడదని అడగాల్సింది ఇప్పుడే.